"మీరు ఎంతమంది ఉన్నారమ్మా?": ఎస్ఎంఏతో ముప్పై ఏడేళ్లుగా ఉన్నదాని జవాబు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ తమ్ముడికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ రెండో ఏడాది. రెండేళ్లుగా మెట్లెక్కడానికి రెయిలింగ్ పట్టుకుంటున్నాడు, కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేస్తున్నాడు. జన్యు పరీక్షలో ఎస్ఎంఏ (స్పైనల్ మస్క్యులర్ అట్రఫీ, కండరాలు క్రమంగా బలహీనమయ్యే జన్యు జబ్బు) టైప్ 3, అంటే నడక వచ్చాక మొదలయ్యే రకం, అని వచ్చింది. డాక్టరు గారు రిపోర్టు చూసి దీనికి చేసేదేం లేదన్నారు. మీ అమ్మ వాడి చేత శనివారాలు ఉపవాసం చేయిస్తున్నారు, మీకేమో మేనత్త కొడుకుతో సంబంధం మాట్లాడుతున్నారు, వీటన్నిటి మధ్యలో "ఏ ఆశతో బతకాలక్కా" అని అడిగారు. ఆశ సంగతి చివర్లో చూద్దాం, ఎందుకంటే నాక్కూడా అది మొదట్లో దొరకలేదు. ముందు పనులు చెప్తాను.

నా గురించి రెండు ముక్కలు. నాకు 44. ఖమ్మంలో పుట్టాను, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ ఇంటి నుంచే అకౌంట్స్ పని చేస్తాను. ఏడో ఏట స్కూల్లో పరుగెత్తబోయి ఊరికే పడిపోవడంతో మొదలైంది. ఒకరు పోలియో ఛాయ అన్నారు, ఇంకొకరు మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలే క్షీణించే వేరే జబ్బు), ఇరవై దాటదు అన్నారు, అదీ నా ముందే. మా అమ్మ ఆ మాట విన్న రోజు నుంచి నా ప్రతి పుట్టినరోజుకీ పాయసం వండి ఏడ్చేది, నాకు ఇరవై ఒకటి వచ్చిన రోజు మాత్రం ఏడవలేదు, ఆ డాక్టర్ని తిట్టింది. అసలు జబ్బు పేరు నాకు 2011లో డీఎన్ఏ పరీక్ష చేయిస్తేగానీ తెలియలేదు. అంటే ఇరవై మూడేళ్లు నేను వేరే జబ్బు పేరుతో బతికాను. మీ తమ్ముడికి రెండేళ్లలో పేరు దొరికింది. ఇది చిన్న సంగతి కాదు, ఎందుకో కింద చెప్తాను.

జబ్బు ఏమిటో ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి. ఇది కండరాల జబ్బులా కనిపిస్తుంది గానీ మూలం వెన్నుపాములో ఉంది. కండరానికి "కదులు" అని కబురు పంపే నరకణాలు అక్కడుంటాయి, అవి బతకాలంటే ఎస్ఎంఎన్ అనే ప్రొటీన్ కావాలి. దాన్ని తయారుచేసే ఎస్ఎంఎన్1 జన్యువు అయిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది, మనకు అది రెండు వైపులా లేదు. దాని పక్కనే ఎస్ఎంఎన్2 అని దాదాపు అలాంటిదే ఇంకోటి ఉంటుంది, అది పనిచేస్తుంది కానీ సరైన ప్రొటీన్ సుమారు పదో వంతే ఇస్తుంది. అందుకే ఎస్ఎంఎన్2 కాపీలు ఎక్కువ ఉన్నవాళ్లకు సాధారణంగా జబ్బు నెమ్మదిగా ఉంటుంది. మీ తమ్ముడి రిపోర్టులో ఎస్ఎంఎన్1 లేదని మాత్రమే రాశారా, ఎస్ఎంఎన్2 కాపీలు ఎన్నో కూడా రాశారా చూడండి. రాయకపోతే ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగండి, ఎంఎల్‌పీఏ (జన్యువు కాపీలు లెక్కపెట్టే పరీక్ష) పద్ధతిలో చేసుంటే ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంటుంది. ఈ ఒక్క అంకె తర్వాత ప్రతి చోటా అడుగుతారు. ఇంకొకటి, ఇది బుద్ధిని ముట్టుకోదు, స్పర్శనూ ముట్టుకోదు. చదువు ఆపించాలని బంధువుల్లో ఎవరైనా అంటే (అంటారు, తప్పకుండా అంటారు) ఆ ముక్క గట్టిగా చెప్పండి.

ఉపవాసం ఆపించండి, ఈ వారం నుంచే. అమ్మ మొక్కుని నేను తక్కువ చేయడం లేదు, మా అమ్మ నా కోసం మొక్కని దేవుడు లేడు, కానీ మా కండరాలు తక్కువ, శరీరంలో నిల్వ తక్కువ, గంటల తరబడి ఏమీ తినకుండా ఉంటే మామూలు వాళ్లకంటే త్వరగా నీరసించి షుగర్ పడిపోతుంది. మొక్కు తీరాలంటే అమ్మే ఉండొచ్చు, వాడికి మాత్రం వేళకు అన్నం పెట్టమనండి. అలాగని నెయ్యి, వేపుళ్లు పోసి పెంచకండి, ప్రతి కిలో బరువూ ఆ బలహీనమైన తొడలే మోయాలి.

వ్యాయామం విషయంలో ప్రతి ఇంట్లో ఒక మామయ్య ఉంటాడు, జిమ్‌కి పంపితే కండ పడుతుందని చెప్పేవాడు. పడదు. అలిసిపోయే దాకా చేస్తే మర్నాడు కాలు లేవదు. కీళ్లు బిగుసుకోకుండా రోజూ సాగదీయడం, వీలైతే నీళ్లలో నడవడం, ఫిజియో చెప్పినంత వరకే. అసలు జిమ్ కంటే ముందు చేయాల్సిన ఖర్చు బాత్రూంలో పట్టుకోవడానికి రెండు స్టీలు కడ్డీలు, జారని నేల. ఇది ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే 2007 వరకు నేను నడిచాను, మెల్లగా, గోడ పట్టుకుని, కానీ నడిచాను. ఒక ఉదయం బాత్రూంలో జారి తొడ ఎముక విరిగింది. మూడు నెలలు మంచం. ఎముక చక్కగా అతికింది, నడక మాత్రం తిరిగి రాలేదు. మామూలు మనిషికి ఆ మూడు నెలలు విశ్రాంతి, మాకు మాత్రం అలా కదలకుండా ఉంటే ఉన్న బలం కూడా జారిపోతుంది. ఆరు వందల రూపాయల కడ్డీ ముందే ఉండి ఉంటే ఇంకో అయిదారేళ్లు నడిచేదాన్నేమో. ఇప్పటికీ ఎవరింటికి వెళ్లినా ముందు బాత్రూం చూస్తాను, జనం వేరేగా అనుకుంటారు.

ఏడాదికోసారి ఊపిరి పరీక్ష చేయించండి, కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి. టైప్ 3లో ఊపిరి ఇబ్బంది అంత త్వరగా రాదు, చాలామందికి అసలు రాకపోవచ్చు, కానీ పొద్దున లేవగానే తలనొప్పి, రాత్రి పదేపదే మెలకువ, పగలంతా నిద్రమత్తు ఉంటే అది బైపాప్ (మాస్కుతో ఊపిరికి సాయం చేసేది) మిషన్ గురించి అడగాల్సిన సమయం. ఎప్పుడైనా ఎమర్జెన్సీకి వెళ్తే ఆక్సిజన్ ఒక్కటే పెట్టి వదిలేయొద్దని, ఊపిరి బలహీనంగా ఉన్నవాళ్లకు అలా చేస్తే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయి ప్రమాదమని ఒక కాగితం మీద డాక్టర్ చేత రాయించి పర్సులో పెట్టించండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కూడా ఆ కాగితం చూపించాలి.

ఇక మీ సంగతి. మీరు తమ్ముడి గురించే అడిగారు గానీ సంబంధం మాట చదవగానే నాకు ఉండబట్టలేదు. ఈ జబ్బు రావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న కాపీ రావాలి. అంటే మీ అమ్మానాన్న ఇద్దరూ దాదాపు కచ్చితంగా క్యారియర్లే (లోపమున్న కాపీ ఒక్కటే ఉన్నవాళ్లు), వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. జబ్బు లేని మీరు క్యారియర్ అయ్యే అవకాశం మూడింట రెండు వంతులు. మీ నాన్నకున్న ఆ కాపీ మీ మేనత్తకూ వచ్చి ఉండటానికి సగం అవకాశం, ఆమెకు వస్తే అది కొడుక్కి రావడానికి మళ్లీ సగం. మీరిద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికం వద్దని నేను అనడం లేదు, మా ఇంట్లో రెండు తరాలు అవే. ముహూర్తం పెట్టుకోకముందు ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి, అంతే. "క్యారియర్ అంటే రోగిష్టిది" అని ఎవరైనా వాగితే, ఊళ్లో మీ చుట్టూ ఉన్నవాళ్లలో కూడా కొందరు క్యారియర్లే, వాళ్లు పరీక్ష చేయించుకోలేదు కాబట్టి తెలియదు, అంతేనని చెప్పండి.

మోసాల గురించి ఒక్క పేరా. నాకు 2013లో స్టెమ్ సెల్ ఎక్కిస్తే లేచి నడుస్తుందని ఒక క్లినిక్ వాళ్లు చెప్పారు. పేరు రాయను. అమ్మ గాజులు తాకట్టు పెట్టి మూడున్నర లక్షలు కట్టారు. వెన్నులో సూది గుచ్చి ఏదో ఎక్కించారు, రెండు వారాలు బాగుందనిపించింది, నమ్మాలని ఉంటే బాగానే ఉంటుంది కదా. తర్వాత ఏమీ లేదు. ఇలాంటి జబ్బులకు స్టెమ్ సెల్స్‌ని చికిత్సగా అమ్మకూడదని ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు స్పష్టంగా చెప్తాయి, కావాలంటే అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా, రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా చేయాలి. ఎవరైనా డబ్బు అడిగారంటే అక్కడే లేచి వచ్చేయండి (నాలాంటివాళ్లమైతే చక్రం తిప్పుకుని వచ్చేయాలి).

"చేసేదేం లేదు" అన్న డాక్టరు గారి మాట. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయన చదువుకున్న రోజుల్లో అది నిజమే. ఈ జన్యువును ఫ్రాన్స్‌లో 1995లో గుర్తించారు, మొదటి మందు నుసినెర్సెన్‌కు అమెరికాలో 2016 డిసెంబరులో అనుమతి వచ్చింది, అది వెన్నులోకి ఎక్కించేది. 2019లో చిన్నపిల్లలకు జీన్ థెరపీ, 2020లో నోటితో తాగే రిస్డిప్లామ్. ఈ తాగే మందు ఎస్ఎంఎన్2 చేత సరైన ప్రొటీన్ ఎక్కువ చేయిస్తుంది. మన దేశానికి 2021లో వచ్చింది. వచ్చిందని ఎగిరి గంతేశాం, మనసులోనే లెండి, తర్వాత ధర చూశాం.

లెక్క నా వృత్తి కాబట్టి లెక్కే చెప్తాను. ఒక సీసాలో 60 మిల్లీగ్రాములు. ఇరవై కిలోలు దాటిన మనిషికి రోజుకు 5. అంటే సీసా పన్నెండు రోజులు, ఏడాదికి ముప్పై సీసాలు. అప్పట్లో సీసా ధర సుమారు 6 లక్షల 20 వేలు. ఏడాదికి కోటీ 86 లక్షలు! కంపెనీ సాయం పథకాల్లో కొంత తగ్గేది, అయినా అది మా ఇళ్లలో ఎవరూ పలికే అంకె కాదు. కేంద్రం 2021 మార్చిలో అరుదైన జబ్బుల జాతీయ విధానం తెచ్చింది, 2022లో సాయాన్ని మనిషికి 50 లక్షల దాకా పెంచింది. ఆ 50 లక్షలు పాత ధరకు ఎనిమిది సీసాలు, 96 రోజులు. ఇది జీవితాంతం వాడాల్సిన మందు. తొంభై ఏడో రోజున ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అసలు కథ. ఆ మందుకు ఇక్కడ 2035 దాకా పేటెంట్ ఉంది. మన హైదరాబాద్ కంపెనీ నాట్కో జెనెరిక్ (అదే మందు చవక రూపం) తయారు చేస్తామంది, అసలు మందు అమ్మే విదేశీ కంపెనీ రోష్ కోర్టుకెళ్లింది. ఢిల్లీ హైకోర్టులో 2025 మార్చిలో సింగిల్ జడ్జి స్టే ఇవ్వనన్నారు, అక్టోబరు 9న డివిజన్ బెంచ్ కూడా అదే అంది, అక్టోబరు 17న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. నాట్కో సీసా ధర 15,900 పెట్టింది. ఏడాదికి 4 లక్షల 77 వేలు. అదే 50 లక్షల సాయం ఈ ధరకు 314 సీసాలు, అంటే పదేళ్లు దాటుతుంది. అంతకు కొన్ని వారాల ముందే ఈ మందు మీద జీఎస్టీ కూడా సున్నా చేశారు. నేను ఆ అక్టోబరు రాత్రి ఈ గుణకారం మూడుసార్లు చేశాను, క్యాలిక్యులేటర్ మీద నమ్మకం లేక కాగితం మీద కూడా.

ఇది మేం గెలిపించామని చెప్పుకోను, కేసు రెండు కంపెనీల మధ్య, గెలిచింది పేటెంట్ చట్టంలోని వాదన. కానీ ఈ జబ్బూ, ఈ ధరా కోర్టుల దాకా, పేపర్ల దాకా రావడం వెనక ఉన్నది మాత్రం జబ్బున్నవాళ్లూ వాళ్ల అమ్మానాన్నలూ. కేరళలో ఎస్ఎంఏ ఉన్న ఒక అమ్మాయి మందు కోసం హైకోర్టుకెళ్లి, ప్రభుత్వ సాయం అయిపోయాక ఇంకో 18 లక్షల మందు ఇప్పించమని ఆర్డర్ తెచ్చుకుంది, కేంద్రం సుప్రీంకోర్టులో దాని మీద స్టే తెచ్చుకుంది. ఆమె ఓడిపోయినట్టే కదా? కానీ అదే విచారణలో పొరుగు దేశాల్లో ఇదే మందు ఎందుకు చవగ్గా ఉందన్న ప్రశ్న దేశమంతా విన్నది. ఇంకా వెనక్కి వెళ్తే, 2013లో ఢిల్లీలో ఒక రిక్షా తొక్కే ఆయన గౌషర్ అనే ఇంకో అరుదైన జన్యు జబ్బున్న తన కొడుకు కోసం హైకోర్టుకెళ్లాడు. ప్రభుత్వం డబ్బు లేదనడం కుదరదు, వైద్యం చేయించాల్సిందే అని 2014లో తీర్పొచ్చింది. ఆ తర్వాతే 2017లో ఒక విధానం, అది ఆగిపోయి 2021లో ఇంకోటి. మీ తమ్ముడికి రేపు రాబోయే సాయం ఆ రిక్షా ఆయన కాగితం దగ్గర మొదలైంది, ఆయన జబ్బు మనది కాకపోయినా.

నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్తే మీ ప్రశ్నకు కొంత జవాబు దొరకొచ్చు. 2015 దాకా నాలాంటి ఇంకో మనిషిని నేను చూడలేదు. ఇంటర్నెట్‌లో విదేశాల వాళ్లను చూశాను, తెలుగు మాట్లాడే మనిషిని చూడలేదు. ఆ ఏడు హైదరాబాద్‌లో ఒక హాల్లో పది పన్నెండు కుటుంబాలు కలుద్దామంటే అన్నయ్య తీసుకెళ్లాడు. టీ ఇచ్చారు. మాకు వేళ్లు సన్నగా వణుకుతాయి, మీ తమ్ముణ్ని చేతులు చాపమనండి, మీకే కనిపిస్తుంది. పెళ్లిళ్లలో టీ ఇస్తే నేను వద్దంటాను, చీర మీద ఒలుకుతుందని. అక్కడ కప్పులన్నీ సగం వరకే పోసి ఇచ్చారు. పోసినావిడ కొడుక్కి ఇదే జబ్బు, ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. చుట్టూ చూస్తే అందరూ కప్పుని రెండు చేతులతో పట్టుకుని మోచేతులు టేబుల్‌కి ఆనించి తాగుతున్నారు, సరిగ్గా నాలాగే. ముప్పై నాలుగేళ్ల వయసులో నేను జనంలో టీ తాగడం అదే మొదటిసారి.

ఆ గుంపు తరఫున ఒకసారి ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాం, జన్యు పరీక్షలు ఉచితంగా చేయించమని అడగడానికి. నేను బాగా ప్రాక్టీస్ చేసుకుని మాట్లాడాను, మా కష్టాలన్నీ చెప్పాను. ఆ ఆఫీసర్ మర్యాదగానే విన్నాడు. అంతా విని, "మీరు ఎంతమంది ఉన్నారమ్మా?" అన్నాడు. చాలామందిమి సార్ అన్నాను. "చాలామంది అంటే నేను ఫైల్లో రాయలేనమ్మా" అన్నాడు. ఆ రోజు లిఫ్ట్ లేని మెట్ల మీదుగా నన్ను నలుగురు మోసి దించుతుంటే ఒళ్లంతా మండిపోయింది, అవమానం అనిపించింది. రాత్రికి కోపం దిగాక ఆలోచిస్తే ఆయన అడిగింది నా ఉద్యోగంలో నేను రోజూ అడిగేదే. బిల్లు లేకుండా నేనెవరికైనా డబ్బు రాస్తానా?

మర్నాడు ఎక్సెల్ తెరిచాను. జిల్లా, పుట్టిన ఏడు, టైప్, జన్యు రిపోర్టు ఉందా లేదా, ఎస్ఎంఎన్2 కాపీలు, సర్టిఫికెట్‌లో జబ్బు పేరు ఏమని రాశారు, బైపాప్ ఉందా. ఇరవై మూడు కుటుంబాలతో మొదలైంది. సాయంత్రం ఆరింటికి ఆఫీసు పని మూసేసి ఫోన్లు చేసేదాన్ని. సగం మంది దగ్గర రిపోర్టే లేదు, నాలుగో వంతు మందికి సర్టిఫికెట్‌లో మస్క్యులర్ డిస్ట్రఫీ అని, కొందరికి పోలియో అని కూడా రాసి ఉంది. పేరే తప్పు రాసుంటే లెక్కలో మేం లేనట్టే కదా! అందుకే పైన చెప్పాను, మీ తమ్ముడికి పేరు త్వరగా దొరకడం చిన్న సంగతి కాదని. వికలాంగుల హక్కుల చట్టం 2016లో ఉన్న 21 వైకల్యాల పట్టికలో ఎస్ఎంఏ అని విడిగా లేదు, అందువల్ల చలన వైకల్యం కింద ఇస్తారు, ఇవ్వనివ్వండి, కానీ కారణం రాసే చోట జన్యు రిపోర్టు చూపించి జబ్బు అసలు పేరు రాయించండి. దాంతోపాటు యూడీఐడీ కార్డు (దేశమంతా చెల్లే వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. ఈ కార్డుతో కాలేజీలో పరీక్షలకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, పై చదువుల్లో 5 శాతం, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్. పెన్షన్ తెలంగాణలో ఒకలా, ఆంధ్రలో ఒకలా ఉంది, ఆంధ్రలో 2024 నుంచి 6,000, మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన తీవ్ర కేసుల్లో 15,000. మీ నాన్న ఇన్‌కమ్ ట్యాక్స్ పాత పద్ధతిలో కడుతుంటే వికలాంగుడైన కొడుకుని పోషిస్తున్నందుకు ఇచ్చే తగ్గింపు అడగమనండి. జనం ఇది వదిలేస్తారు, నాకు కడుపు మండుతుంది.

50 లక్షల సాయానికి కేంద్రం గుర్తించిన సెంటర్ల ద్వారానే వెళ్లాలి. హైదరాబాద్‌లో అది సీడీఎఫ్‌డీ (కేంద్ర డీఎన్ఏ పరీక్షల సంస్థ), నిమ్స్ ఆసుపత్రి కలిసి నడిపేది. రిపోర్టు ఒరిజినల్, ఆధార్, డాక్టర్ ఉత్తరం, నడిచే వీడియో ఒకటి తీసుకుని వెళ్లి పేరు నమోదు చేయించండి. ఎప్పుడు వస్తుంది, ఎంత వస్తుంది అన్నది నేను హామీ ఇవ్వలేను. కానీ పేరు అక్కడ ఎక్కాలి, వచ్చినా రాకపోయినా.

మందు మొదలుపెడితే ఏం జరుగుతుందో కూడా నిజం చెప్తాను. పోయిన బలం తిరిగి వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి, పోయిన నరకణాలు పోయినట్టే. ఉన్నవాటిని నిలబెట్టడం దీని పని, కొందరికి కొంచెం మెరుగవుతుంది. అందుకే నాకంటే మీ తమ్ముడికి ఇది ఎక్కువ విలువైనది, వాడు ఇంకా నడుస్తున్నాడు. నేను 2025 నవంబరు నుంచి తాగుతున్నాను. రోజూ ఒకే వేళకు, తిన్నాక, సీసా ఫ్రిజ్‌లో. నా జడ నేను వేసుకోవడం 2019లోనే ఆగిపోయింది, అది మళ్లీ రాలేదు. కానీ సాయంత్రం ఏడయ్యేసరికి కీబోర్డు మీద వేళ్లు చచ్చుబడిపోయేవి, ఇప్పుడు తొమ్మిది దాకా పనిచేస్తున్నాయి, నా ఊహో నిజమో తెలియక టైప్ చేసిన నిమిషాలు ఒక కాలమ్‌లో రాసుకుంటున్నాను. వాడు మొదలుపెట్టే ముందు ఫిజియో చేత బలం పరీక్షలు చేయించి అంకెలు రాయించండి, లేకపోతే ఆరు నెలల తర్వాత దేంతో పోల్చాలో తెలియదు. ఈ మందు వాడే మగవాళ్లకు పిల్లల విషయంలో ప్రభావం ఉండే అవకాశం ఉందంటారు, వాడు 19 ఏళ్ల వాడు, డాక్టర్‌తో ఆ మాట వాడే ఒంటరిగా మాట్లాడనివ్వండి, మీరూ అమ్మా బయట కూర్చోండి.

ఆశ సంగతి చివర్లో అన్నాను కదా. టీ సగం పోసి ఇచ్చినావిడ గురించి చెప్పాను. ఆవిడ కొడుకుది టైప్ 2, మాకంటే తీవ్రమైన రకం, మహా తెలివైనవాడు, నా ఎక్సెల్‌లో ఫార్ములాలు సరిచేసింది వాడే. 2021లో న్యుమోనియాతో పోయాడు, మందు ఈ దేశానికి వచ్చిన ఏడే. ఆవిడ ఇక రారనుకున్నాం. నాలుగు నెలలు రాలేదు. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, కొత్తగా చేరిన కుటుంబాల ఫారాలు నాకు పంపు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, నేను నింపుతాను అన్నారు. ఇప్పటికీ ఆవిడే నింపుతున్నారు. అక్టోబరులో ధర తెలిసిన రాత్రి మొదట ఫోన్ చేయాలనిపించింది ఆవిడకే, చేయడానికి భయపడిందీ ఆవిడకే. చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పిల్లల లిస్టులో బరువులు సరిగా ఉన్నాయో లేదో చూడాలి, డోసు మారుతుంది కదా" అన్నారు. నాకు ఆశ అన్న మాట మీద ఇప్పటికీ కొంచెం చిరాకే. ఆవిడ అన్న ఆ మాటకు మాత్రం వేరే పేరేదీ తట్టడం లేదు.

మీ తమ్ముడు ఇంజినీరింగ్ అంటున్నారు, ఏ బ్రాంచి? మా లిస్టు రెండు రాష్ట్రాలకు కలిపి ఒకే షీట్‌లో పెరిగి పెరిగి తెరుచుకోవడానికే నిమిషం పడుతోంది, దాన్ని సరైన డేటాబేస్‌గా మార్చేవాళ్లు కావాలి. బలవంతం లేదు, మొదటి ఏడాది చాలామందికి ఇవేవీ చూడబుద్ధి కాదు, నేనైతే నాలుగేళ్లు ఎవరితోనూ మాట్లాడలేదు. ముందు రిపోర్టులో ఎస్ఎంఎన్2 కాపీలు ఎన్ని ఉన్నాయో చూసి ఇక్కడే రాయండి. రిపోర్టు ఫొటో పెట్టకండి, దాని మీద పేరు, ఫోన్ నంబర్ ఉంటాయి. అంకె చాలు.